పాత గోడల పటము



మన కృష్ణా డెల్టాలోని కొన్ని పాత సంఘములలో, గుడి ప్రక్కగది గోడమీద ఒక పటము వ్రేలాడుచుండుట మీరు చూచియుందురు. పెంకులు కప్పిన పొడవాటి ఇల్లు, ముందు చిన్న వసారా, ప్రక్కన గంట కట్టిన దూలము, దూరముగా రెండు తాటిచెట్లు. అద్దముమీద దుమ్ము పేరుకొనియుండును. ఒక మూల చెద తినియుండును. ఎవరైన చుట్టము వచ్చి, "అదేమి పటమండీ?" అని అడిగినయెడల, "అది మా పాత గుడి" అని చెప్పి ఊరకుందుము.

ఆ మాట నిజమే, కాని చాలదు. ఉత్తరము చేతికిచ్చినవానితో "ఇది కాగితము" అని చెప్పినట్లుండును. పటము కూడ చదువదగినదే. దానిలో ఒక భావము కలదు, కొన్ని గురుతులు కలవు. చిత్రించినవాడు ఎక్కడ నిలిచి చూచెను? ఏ వెలుగులో చూచెను? ఎవరిని చూపెను, ఎవరిని విడిచిపెట్టెను? ఈ ప్రశ్నలు వేసినప్పుడు పటము నోరు తెరచును. ఇట్లు చదువుట ఎట్లో నేర్చుకొనుటకు మనము దూరము పోనక్కరలేదు. కృష్ణానది వెంబడి విజయవాడనుండి ఎగువకు కొంతదూరము పోయి, కుడి గట్టున నున్న అమరావతి గ్రామమునొద్ద నిలిచిన చాలును.

రాతిమీద చెక్కిన పటము

అమరావతిలో ఒకప్పుడు గొప్ప బౌద్ధ స్తూపము ఉండెను. క్రీస్తుకు పూర్వము రెండు మూడు శతాబ్దముల క్రిందట దాని పని మొదలైనదని పండితులు చెప్పుదురు. శాతవాహన రాజుల కాలములో అది పెంపొంది, క్రీస్తు శకము మూడవ శతాబ్దము వరకు క్రొత్త చెక్కడములతో నిండుచు వచ్చెను. దాని గుండ్రని పీఠము అడ్డుకొలత సుమారు 160 అడుగులు. 1344 నాటి సింహళ దేశపు శాసనమొకటి, ఆ దేశపు భిక్షువు ఒకడు ఇక్కడ మరమ్మతు చేయించెనని తెలుపుచున్నది. ఆ తరువాత నాలుగు వందల యేండ్లకు పైగా దానిని గూర్చి మాట వినబడదు. మట్టి కప్పుకొనెను, గడ్డి మొలిచెను. ఊరివారు ఆ దిబ్బను దీపాలదిన్నె అని పిలిచిరి.

అది మన మతపు కట్టడము కాదు గదా అని మీలో కొందరు అనుకొనవచ్చును. కాదు, నిజమే. అయినను ఆ రాళ్లు ఈ నేలవి, వాటిని చెక్కిన చేతులు ఈ నేలవే. ఇరుగుపొరుగువారి ఇంటి సంగతి తెలిసికొని బుద్ధి తెచ్చుకొనుటలో తప్పులేదు.

ఇక ఆశ్చర్యమైన సంగతి వినుడు. ఆ స్తూపమును కట్టినవారు దాని ఒంటిమీదనే దాని పటమును చెక్కిరి. పీఠము చుట్టు నిలిపిన పలకలలో అనేకమునందు స్తూపముయొక్క రూపమే కలదు. అసలు గోపురము నేడు లేదు. అది ఎట్లుండెనో మనము తెలిసికొనుచున్నది ఈ పలకలవలననే. అట్టి పలకలలో మిక్కిలి పేరుపొందినది ఒకటి నేడు లండన్ నగరములోని బ్రిటిష్ మ్యూజియములో నున్నది. దానిని చదువుదము.

మొదటి ప్రశ్న: మనము ఎక్కడ నిలిచియున్నాము? సరిగా వాకిటి యెదుట. దూరముగా కొండమీదనుండి కాదు, ప్రక్కదారినుండి కాదు. యాత్రికుడు నడిచి నడిచి వచ్చి, తల యెత్తి చూచిన చోటనే చెక్కినవాడు మనలను నిలిపెను. వాకిటి స్తంభములపై సింహములు కూర్చుండియున్నవి. ఆ వెనుక అయిదు స్తంభములు వరుసగా లేచియున్నవి. ఇవి బుద్ధుని జననము, ఇల్లు విడుచుట, జ్ఞానము పొందుట, మొదటి బోధ, మరణము అను అయిదు ఘట్టములకు గురుతులని పండితులు చెప్పుదురు. పైన గోపురము, గోపురముమీద గొడుగులు. గొడుగు మన దేశములో రాజుకు పట్టునది. కనుక ఆ గొడుగు ఎండకు వానకు కాదు, ఘనతకు గురుతు.

రెండవ ప్రశ్న: ఖాళీ స్థలమెంత? బొటనవ్రేలు పెట్టుటకైనను చోటు లేదు. ఇరువైపుల దేవతలు ఎగిరి వచ్చుచున్నారు. వాకిటియొద్ద మనుష్యులు చేతులు జోడించుచున్నారు. దండలు, తామరపువ్వులు, చెక్కడముపై చెక్కడము. దీనిలోని భావము తిరునాళ్ల భావము. బండ్లు కట్టుకొని వచ్చిన జనము, పిల్లల సందడి, దీపముల వెలుగు అన్నియు ఆ రాతిలో కుక్కినట్లుండును. కట్టినవారు తమ కట్టడమును గూర్చి ఏమి అనుకొనిరో ఈ పటము చెప్పుచున్నది. అది ఏ దినమున చూచినను అట్లే యుండెనని కాదు. వానలో తడిసిన దినములు, ఎవరును రాని దినములు కూడ ఉండియుండును. వాటిని చెక్కలేదు. పటము ఏమి చూపెనో అదియు, ఏమి దాచెనో అదియు రెండును చదువవలెను.

అయితే ఆ పలకకు రెండవ ముఖము కూడ కలదు. వెనుకకు త్రిప్పి చూచినయెడల అంతకు ముందటి చెక్కడము, క్రీస్తుకు పూర్వపు మొదటి శతాబ్దమునకు చెందినది, కనబడును. అందులో ఒక చెట్టు, చెట్టు క్రింద ఖాళీ ఆసనము, చుట్టు నమస్కరించు జనము. ఆసనముమీద ఎవరును లేరు. మన కండ్లకు ఖాళీ కుర్చీ అనగా దుఃఖము. ఇంటి పెద్ద పోయిన తరువాత వసారాలో మిగిలిన పడకకుర్చీని చూచి ఏడ్వనివారెవరు? కాని ఈ చెక్కడములో ఖాళీ ఆసనము దుఃఖమునకు గురుతు కాదు. ఆ కాలపు శిల్పులు తమ గురువును మనిషి రూపమున చూపక, ఆసనము, చెట్టు, పాదముల గురుతులు మొదలగువాటి ద్వారా ఆయన అక్కడ ఉన్నాడని తెలిపిరి. కనుక చదువరులారా, మన మనస్సులోని భావమును తీసికొనిపోయి పటము నోట పెట్టరాదు. ఆ చిత్రము చేసినవారి భాషలో ఆ గురుతుకు అర్థమేమి అని ముందు అడుగవలెను.

ఇంకొక మాట. మూడు నాలుగు వందల యేండ్ల తరువాత స్తూపమును క్రొత్తగా అలంకరించినవారు ఆ పాత పలకను పారవేయలేదు. వెనుకకు త్రిప్పి, ఆవలి ముఖముమీద క్రొత్త చెక్కడము చెక్కి, తిరిగి నిలువబెట్టిరి. పాతది గోడలోపలికి తిరిగెను, క్రొత్తది జనమునకు ఎదురుగా నిలిచెను. రెండును ఒకే రాయి. ఈ సంగతి మనస్సులో ఉంచుకొనుడు. తిరిగి దీనియొద్దకు వచ్చెదము.

చర్మకారుడు ఇచ్చిన పలక

మూడవ ప్రశ్న: పటములో కనబడనివారు ఎవరు?

అమరావతి పలకలలో చూడదగిన గురుతు మరియొకటి పూర్ణఘటము, అనగా పువ్వులతో నిండి పొంగిపొరలు కుండ. సమృద్ధికి, శుభమునకు అది గురుతు. నేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు చిహ్నమున నున్నది ఈ పూర్ణఘటమే. ప్రభుత్వ కాగితములమీద మీరు ఎన్నిమారులో చూచియుందురు.

అట్టి పూర్ణఘటపు పలక ఒకదాని క్రింద ప్రాకృత భాషలో చెక్కిన మాటలున్నవి. ఆ పలకను దానమిచ్చినవాని పేరు విధికుడు. అతడు నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితోను, భార్యతోను, సహోదరులతోను, బిడ్డలతోను కూడి ఈ పలకను ఇచ్చెను. అతని వృత్తి యేమి? చర్మకారుడు. తోళ్లపని చేయువాడు.

చదువరులారా, ఇక్కడ కొంచెము ఆగుదము. మన సంఘములలో అనేకుల తాతలు తోళ్లపని చేసినవారే. చెప్పులు కుట్టి, మోటబొక్కెనలు కుట్టి, డప్పు కట్టి ఊరికి సేవచేసి, ఊరి చివర కాపురముండినవారే. అట్టివారి పేరు ఊరి గొప్ప కట్టడములలో ఎక్కడ కనబడును? గోడ కట్టినవాని పేరు ఉండదు, సున్నము కొట్టినవాని పేరు ఉండదు. అయితే ఇంచుమించు రెండువేల యేండ్లనాటి కట్టడముమీద ఒక చర్మకారుని పేరు, అతని తల్లియొక్కయు, ఆలుబిడ్డలయొక్కయు ప్రస్తావన చెక్కబడి నిలిచియున్నది. పైనున్న చిత్రములో అతడు కనబడడు, అక్కడ కుండయు పువ్వులును మాత్రమే కనబడును. క్రిందనున్న అక్షరములను చదివినవానికి మాత్రము ఆ నిండు కుండలో ఒక కుటుంబముయొక్క చెమట కనబడును. గురుతుయొక్క అర్థము పండితుడు చెప్పగలడు, కాని దానికి వెల చెల్లించినవాడు ఎవడో తెలిసినప్పుడు ఆ అర్థము బరువెక్కును.

సున్నపు బట్టీలో పడిన పటములు

ఇంత గొప్ప కట్టడము ఎట్లు పోయెను? శత్రువుల దండు వచ్చి పాడుచేసెనా? కాదు. ఈ సంగతి మనము సిగ్గుతో వినవలసినది.

1790ల చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లినుండి తన నివాసమును అమరావతికి మార్చుకొని క్రొత్త పట్టణమును కట్టించెను. కట్టుటకు రాయి కావలెను. దిబ్బ త్రవ్వగా తెల్లని పలకలు బయటపడెను. అందరు వాటిని చలువరాళ్లు అనుకొనిరి, నిజమునకు అవి పలనాటి సున్నపురాయి. కొన్ని మెట్లకు, గోడలకు పోయెను. కొన్నిటిని కాల్చి సున్నము చేసిరి. ఆ సింహములు, ఆ దేవతలు, ఆ నిండు కుండలు బట్టీలో పడి, గోడలకు పూత అయిపోయెను. ఎవరును ఆ కట్టడమును ద్వేషింపలేదు. ఎవరికిని దానిమీద పగ లేదు. వారికి రాయి కావలసెను, రాయి దొరికెను. అంతే.

ఆ దినములలో కాలిన్ మెకంజీ అను స్కాట్లాండు దేశస్థుడు, కుంపిణీ సైన్యములో సర్వే అధికారి, ఈ సంగతి విని 1798లో అమరావతికి వచ్చి చూచెను. ఆయనకు కుడిభుజముగా నున్నవారు మన ఏలూరువారు, కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను సహోదరులు. ఊరూరికి పోయి శాసనములను, కైఫీయతులను ప్రోగుచేయుటలో ఆ సహోదరుల కష్టము మరువరానిది. మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యెను. మరుసటి యేడు తిరిగి అమరావతికి రాగా దిబ్బ నడిబొడ్డు త్రవ్వబడి చెరువుగా మారియుండెను. మునుపు చూచిన రాళ్లలో అనేకము కనబడలేదు.

అప్పుడు ఆయన తన చిత్రకారులను అక్కడ కూర్చుండబెట్టెను. వారు 1816 మొదలుకొని రెండు మూడు సంవత్సరములపాటు, మిగిలిన పలకలను ఒక్కొక్కటిగా కొలిచి, కాగితముమీదికి దించిరి. ఆ చిత్రములు నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా నున్నవి. వాటిలోని కొన్ని పలకలు తరువాత కంటికి కనబడకుండ పోయెను. వాటిని గూర్చి మనకు మిగిలిన సాక్ష్యము ఆ కాగితము మాత్రమే.

ఈ చిత్రములను కూడ చదువుదము. వీటిలో ఆకాశము లేదు. చెట్టు లేదు. సాయంకాలపు ఎరుపు లేదు. తెల్లని కాగితముమీద రాయి ఒక్కటే నిలిచియున్నది. పగిలినచోట పగిలినట్లే గీసియున్నారు. మొదట చూచినవానికి, దీనిలో భావమేమున్నది, ఇది లెక్కల కాగితము వంటిది గదా అనిపించును. కాని వైద్యుడు రోగి చేయి పట్టుకొని, మాటలాడక, నాడి చూచునప్పుడు అక్కడ ప్రేమ లేదందుమా? ఆ మౌనములో శ్రద్ధ కలదు. చెక్కినవాని పటములో తిరునాళ్ల సంతోషమున్నది. గీసినవాని పటములో, పోవుచున్నదానిని పోకముందే సరిగా చూచి వ్రాసికొనవలెనను తొందరయు, ఓర్పును కలసియున్నవి. ఒకే కట్టడము, రెండు పటములు, రెండు భావములు. రెండును నిజమే.

ఆ రాళ్ల తరువాతి కథ క్లుప్తముగా చెప్పెదను. కొన్ని పలకలను బందరుకు తెచ్చి, అక్కడి కలెక్టరు రాబర్ట్‌సన్ పేర వెలసిన రాబర్ట్‌సన్‌పేటలో బజారు అలంకారముగా నిలిపిరి. 1845లో వాల్టర్ ఎలియట్ అను అధికారి త్రవ్వించి తీసిన రాళ్లు మద్రాసు చేరి ఎండకు వానకు చాలకాలము పడియుండెను. 1859లో వాటిలో అనేకమును ఓడమీద లండన్‌కు పంపిరి. అక్కడను అవి ఒక బండ్లశాలలో పడియుండగా 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అను పండితుడు చూచి, వాటి విలువను లోకమునకు తెలిపెను. మిగిలినవి చెన్నై మ్యూజియములోను, అమరావతిలోనే యున్న మ్యూజియములోను చూడవచ్చును. బిడ్డలను తీసికొని ఒకమారు పోయి చూచి రండి.

పాదిరి కుమారుడు చిత్రించిన గోపురము

ఇక దూరదేశపు పటము ఒకటి చూచి మన ఊరికి తిరిగి వత్తము. ఇది రంగులతో వేసిన చిత్రమే.

హాలెండు దేశములో న్యూనెన్ అనునది ఒక పల్లెటూరు. అక్కడివారు నేలను దున్నుకొని, మగ్గము నేసికొని బ్రతుకు బీదలు. ఆ ఊరి ప్రొటెస్టెంటు సంఘమునకు థియోడోరస్ వాన్ గో అను పాదిరిగారు కాపరిగా నుండెను. ఆయన కుమారుడు విన్సెంట్. ఈ విన్సెంట్ పూర్వము బెల్జియం దేశములో బొగ్గుగనుల కూలీల మధ్య సువార్త పనిలో నుండి, తన వస్త్రములను సయితము బీదలకిచ్చి, చివరకు ఆ పనిలో కొనసాగనీయబడక, చిత్రలేఖనమునకు తిరిగినవాడు. 1885 మార్చి 26న తండ్రి హఠాత్తుగా మరణించెను. పొలముల నడుమనున్న పాత గోపురము చుట్టు గల శ్మశానములో ఆయనను సమాధి చేసిరి. ఆ గోపురము ఎన్నో శతాబ్దములది. దాని గుడి అంతకు ముందే పోయెను. గోపురము ఒక్కటే మిగిలియుండెను. ఆ యేడే దానిని కూడ పడగొట్టుచుండిరి. తండ్రి పోయిన రెండు మూడు నెలలకు కుమారుడు ఆ గోపురమును చిత్రించెను. ఆ చిత్రము నేడు ఆమ్‌స్టర్‌డామ్ నగరములో నున్నది.

మన ప్రశ్నలు వేయుదము. ఎక్కడ నిలిచెను? నేలమీద, సమాధుల యెత్తున. ఏ వెలుగు? మబ్బు క్రమ్మిన బూడిదరంగు ఆకాశము. గోపురముపై మొనదేలిన కప్పు లేదు, అప్పటికే తీసివేసిరి. మొండిగోపురము చుట్టు నల్లని పక్షులు ఎగురుచున్నవి. క్రింద గడ్డిలో వంకర టింకరగా నిలిచిన చిన్న సిలువలు. మనుష్యులు ఎవరును కనబడరు. చూడగానే గుండెలో బరువు దిగును.

అయితే చిత్రకారుడు ఏమి చెప్పదలచెను? తన తమ్ముడు థియోకు వ్రాసిన ఉత్తరములో అతడే వివరించెను. ఆ రైతులు బ్రతుకంతయు ఏ పొలములను త్రవ్విరో ఆ పొలములలోనే తరతరములుగా నిద్రించుచున్నారు. వారికి చావును పాతిపెట్టుటయు ఆకు రాలినంత సహజము. గట్టిగా కట్టిన గుడియే శిథిలమయ్యెను, రైతు జీవితము మాత్రము గడ్డివలె మొలచుచు వాడుచు మారక సాగుచున్నది. ఇది అతని భావము.

ఇక్కడ మనకు ఒక చిక్కు కలదు. విశ్వాసము పాడుపడినదని ఆ గోపురములో అతడు చూచెను. అదే పటమును చూచిన మనలో ఒకడు, గోపురము కూలినను సిలువలు నిలిచియున్నవి, చచ్చినవారు తమ కాపరి ప్రక్కనే నిద్రించుచున్నారు, ఇది నిరీక్షణగల స్థలమే అనవచ్చును. ఎవరి మాట సరి? చిత్రకారుని ఉద్దేశమును మార్చివ్రాయు హక్కు మనకు లేదు. అతడు ఏమి అనెనో దానిని ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. చెప్పిన తరువాత, "నేను ఇట్లు చూచుచున్నాను" అని మన మాట వేరుగా చెప్పవచ్చును. ఆ రెంటిని కలిపివేయుటయే తప్పు. అతని దుఃఖమునకు చెవియొగ్గక మన ప్రసంగమును అతని పటముమీద అతికించినయెడల, దుఃఖపడువాని ఇంటికి పోయి అతనిని మాటలాడనీయక మనమే మాటలాడి వచ్చినట్లగును.

మీ గోడమీది పటము

ఇప్పుడు లేచి మీ ప్రక్కగదిలోనికి పోయి, ఆ పటముమీది దుమ్ము తుడిచి చూడుడు.

పెంకుల కప్పు కనబడుచున్నది గదా. దానికి ముందు అనేక గ్రామములలో మట్టిగోడలు, తాటాకు కప్పు ఉండెను. 1841లో నోబులు దొరగారు, ఫాక్సు దొరగారు బందరులో దిగినప్పుడు ఈ పల్లెలలో గుడులు లేవు. 1859లో విజయవాడకు దగ్గరనున్న రాఘవాపురపు పాగోలు వెంకయ్యగారు బాప్తిస్మము పొందిన కాలములో, ఆయనతోకూడ వచ్చిన మాలపల్లెల జనమునకు చెట్టునీడయు, తాటాకు పాకయు ప్రార్థనాలయములు. ఆ పాకల పటములు మనకు లేవు. ఎవరును గీయలేదు. కనుక మీ పటములోని పెంకుల కప్పు, దాని వెనుక కనబడని తాటాకు కప్పుకు కూడ గురుతు.

గోడల మందము చూడుడు. సముద్రమునకు దగ్గరనున్న మన సీమలో గోడ ఊరకే మందముగా కట్టరు. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన బందరుమీద పడినప్పుడు సుమారు 30,000 మంది చనిపోయిరి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెను. ఆ మందపు గోడలో భయమున్నది, ఆ భయముతోకూడ తిరిగి కట్టుదమను పట్టుదలయు ఉన్నది.

వసారా చూడుడు. ఎందుకు వసారా? దూరపు పల్లెనుండి నడిచివచ్చినవారు కూర్చుండుటకా? లేక లోపలికి రానీయబడనివారు అక్కడనే కూర్చుండిరా? పాత గోడలను చూచి కంట నీరు పెట్టుటకు ముందు, ఆ గోడల లోపల అందరికి ఒకే చాప ఉండెనా, మాలపల్లెవారును మాదిగపల్లెవారును ఒకే వరుసలో కూర్చుండిరా, ఒకే గిన్నెలో త్రాగిరా అని మీ ముసలివారిని అడుగుడు. వారి జవాబు కొన్ని చోట్ల మిమ్మును సంతోషపెట్టును, కొన్ని చోట్ల తలదించుకొనునట్లు చేయును. రెంటిని వ్రాసికొనుడు. సాయంకాలపు వెలుగులో ప్రతి పాత కట్టడమును పవిత్రముగానే కనబడును. చిత్రము మెత్తగానున్నదని చరిత్రయు మెత్తగానే యుండెనని తలంచరాదు.

ఇక అసలు సంగతి. ఈ దినములలో మన గ్రామములలో పాత గుడులు పడగొట్టి సిమెంటు గుడులు కట్టుచున్నారు. అది తప్పని నేను చెప్పను. జనము పెరిగినది, దూలములు పుచ్చినవి, వాన కారుచున్నది. కట్టవలసినదే. యెరూషలేములో రెండవ మందిరపు పునాది వేసిన దినమున, మొదటి మందిరమును చూచియుండిన ముసలివారు గట్టిగా ఏడ్చిరి, అనేకులు సంతోషముతో కేకలు వేసిరి, ఏది ఏడ్పో ఏది కేకయో జనమునకు తెలియలేదు అని ఎజ్రా గ్రంథములో చదువుచున్నాము. ఆ రెండు ధ్వనులకును మన సంఘములలో చోటుండవలెను. ఏడ్చు ముసలమ్మను, "క్రొత్తది వచ్చుచుండగా ఏడ్తువేమి?" అని గద్దింపకుడి.

అయితే పడగొట్టుటకు ముందు ఒక ఆదివారము ఆగుడు. అమరావతిలో రాళ్లు బట్టీలో పడిన తరువాత చిత్రకారులు వచ్చిరి. మీరు ముందే రండి. పొడవు వెడల్పులు కొలిచి ఒక పుస్తకములో వ్రాయుడు. మీ పడుచువారి చేతులలో ఫోను ఉన్నది గదా, నాలుగు ప్రక్కలను, లోపలను, గంటను, తలుపు చెక్కడమును పటములు తీయించుడు. పునాదిరాతిమీది అక్షరములను తప్పులతోసహా ఉన్నవున్నట్లు ఎత్తి వ్రాయుడు. ఆ రాతిమీద పాదిరిగారి పేరు ఉండును. దానికి తోడుగా, సున్నము కొట్టిన స్త్రీల పేర్లు, పెంకులు మోసిన పిల్లల పేర్లు, పిడికెడు బియ్యము పట్టి చందా కూర్చిన తల్లుల పేర్లు ఎవరికైన జ్ఞాపకమున్నయెడల అడిగి వ్రాయుడు. మన విధికులు వారే. జ్ఞాపకమున్నవారు నేడో రేపో వెళ్లిపోవుదురు.

అటుతరువాత పాత గుడిలోని ఒక రాతినైనను, ఒక దూలమునైనను క్రొత్త గుడిలో పెట్టుడు. అమరావతి శిల్పులు పాత పలకను త్రిప్పి నిలిపినట్లు, పాతది లోపలి ప్రక్కను, క్రొత్తది జనమునకు ఎదుటను ఉండవచ్చును. రెండును ఒకే రాయి. యొర్దాను దాటిన జనము నదిలోనుండి పండ్రెండు రాళ్లు ఎత్తి గిల్గాలులో నిలువబెట్టిరి. వాటిని నిలిపినది అలంకారమునకు కాదు. ముందు తరమున పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగవలెను, అడిగినప్పుడు పెద్దలు కథ చెప్పవలెను. రాయి ఉన్నచోట ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టినచోట కథ బ్రతుకును.

కనుక, చదువరులారా, ఈసారి చుట్టము వచ్చి, "అదేమి పటమండీ?" అని అడిగినప్పుడు, "అది మా పాత గుడి" అని ఊరకుండకుడు. కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, మొదటినుండి చెప్పుడు. చెప్పుచుండగా మీ మనుమడు ప్రక్కన నిలిచి వినుచుండునట్లు చూచుకొనుడు.